కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకోనోమో

కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకోనోమో (ఆగష్టు 21, 1876 - అక్టోబరు 21, 1931) ఆస్ట్రియా దేశానికి చెందిన ప్రముఖ నాడీవైద్యుడు, మెదడు శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వ్యాపించిన ఒక వింత నిద్రా వ్యాధిని గుర్తించి వర్ణించాడు. మెదడులో నిద్రను కలిగించే భాగమొకటి, మెలకువను నిలిపే భాగమొకటి వేర్వేరుగా ఉన్నాయని ఆ రోగుల ద్వారా కనుగొన్నాడు. నిద్రలేమిని శాస్త్రీయంగా అర్థం చేసుకోవడానికి ఇతడి కృషి ముఖ్యమైన పునాది. విమాన చోదకునిగా కూడా ఇతడు పేరుపొందాడు.

బాల్యము, విద్య

ఎకోనోమో రుమేనియాలోని బ్రయీలా పట్టణంలో సంపన్న గ్రీకు కుటుంబంలో జన్మించాడు. మరుసటి సంవత్సరమే కుటుంబం ట్రియెస్ట్ ఓడరేవు నగరానికి తరలిపోయింది. ట్రియెస్ట్ అప్పట్లో ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి కోరిక మేరకు వియన్నాలో ఇంజనీరింగు చదువులో చేరినా, రెండేళ్ళ తరువాత దానిని వదలి వైద్యవిద్యకు మారాడు. 1901లో వైద్య పట్టా పొందాడు. తరువాత పారిస్, మ్యూనిక్, బెర్లిన్ వంటి నగరాలలో ఆనాటి ప్రసిద్ధ నాడీవైద్యుల వద్ద శిక్షణ పొంది, 1906లో వియన్నాలోని మానసిక, నాడీ వ్యాధుల వైద్యశాలలో చేరాడు. దానికి అప్పుడు వాగ్నర్-యౌరెగ్ అధిపతి.

వైమానిక రంగము

విమానయానం ఇంకా శైశవదశలో ఉన్న కాలంలోనే ఎకోనోమో విమానం నడపడం నేర్చుకున్నాడు. ఆస్ట్రియా తొలితరం విమాన చోదకులలో ఇతడొకడు. 1910 నుండి 1926 వరకు ఆస్ట్రియా ఏరో క్లబ్బుకు అధ్యక్షుడిగా ఉన్నాడు. యుద్ధంలో కొంతకాలం విమానాలు నడిపాడు. అదే యుద్ధంలో సోదరుడు మరణించడంతో, తల్లిదండ్రుల కోరికపై వియన్నాకు తిరిగివచ్చి, తలకు గాయాలైన సైనికులకు చికిత్స చేయసాగాడు.

నిద్రా వ్యాధి

1916-17 శీతాకాలంలో వియన్నా వైద్యశాలకు విచిత్రమైన రోగులు రాసాగారు. వారికి నిర్ధారించిన వ్యాధులేవీ లక్షణాలతో సరిపోలేదు. కొందరు భోజనం చేస్తూనే నిద్రలోకి జారుకునేవారు. లేపితే సమాధానమిచ్చి, వెంటనే మళ్ళీ నిద్రపోయేవారు. వారిలో చాలామందికి కనురెప్పలు వాలిపోయి, కంటి కండరాలు పనిచేసేవి కావు. ఇవన్నీ ఒకే వ్యాధి రూపాలని గ్రహించిన ఎకోనోమో, దానికి ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అని పేరుపెట్టి, 1917 మే నెలలో తన వ్యాసాన్ని ప్రచురించాడు. దాదాపు అదే సమయంలో ఫ్రాన్సులో క్రూషే అనే వైద్యుడు కూడా ఇటువంటి రోగులను వర్ణించాడు.

తరువాతి పదేళ్ళలో ఈ మెదడువాపు వ్యాధి ప్రపంచమంతటా లక్షలాది మందికి సోకింది. బ్రతికినవారిలో అనేకులు కొన్నేళ్ళకు పార్కిన్సన్ వ్యాధి వంటి లక్షణాలతో కదలలేని స్థితికి చేరారు. 1920ల చివరికి వ్యాధి దాదాపు కనుమరుగైంది. దాని కారణం నేటికీ నిర్ధారణ కాలేదు.

నిద్రపట్టని రోగులు

ఈ వ్యాధి అందరినీ నిద్రపుచ్చలేదు. కొందరు రోగులు ఎంత అలసిపోయినా రాత్రంతా కన్ను మూయలేక, ఆగని కదలికలతో మంచంపై దొర్లేవారు. కొందరు పిల్లలు పగలు నిద్రపోయి రాత్రంతా మేలుకొనేవారు. 1903 నుండి వెరొనాల్ వంటి నిద్రమందులు వాడుకలో ఉన్నా, నిద్ర ఎందుకు పట్టడంలేదన్న ప్రశ్నకు అవి జవాబు కాలేదు.

మరణించిన రోగుల మెదళ్ళను సూక్ష్మదర్శినితో పరీక్షించిన ఎకోనోమో ఒక ముఖ్యమైన తేడాను గమనించాడు. అతినిద్ర రోగులలో హైపోథాలమస్ వెనుకభాగము, దానిని ఆనుకొన్న మధ్యమెదడు దెబ్బతిన్నాయి. కంటి కండరాలను నడిపే నాడీకేంద్రాలు అక్కడికి సమీపంలోనే ఉండటం వలన వారి కన్నులు కూడా దెబ్బతిన్నాయి. నిద్రపట్టనివారిలో హైపోథాలమస్ ముందుభాగం చెడిపోయింది. దీనినిబట్టి వెనుకభాగం మెలకువను, ముందుభాగం నిద్రను కలిగిస్తాయని అతడు నిర్ధారించాడు.

అప్పటివరకు నిద్ర అంటే మెదడు అలసి ఊరకుండిపోవడమేనని చాలామంది భావించేవారు. నిద్ర కూడా మెదడు స్వయంగా చేసే పనేనని, ఆ పనికి భంగం కలిగితే మనిషి ఎంత కోరుకున్నా నిద్ర రాదని ఈ పరిశోధన తెలిపింది. ఈ సిద్ధాంతాన్ని అతడు 1930లో ఆంగ్లంలో కూడా ప్రచురించాడు.

ఇతర కృషి, మరణము

1925లో కోస్కినాస్‌తో కలిసి మానవ మెదడు పైపొర కణ నిర్మాణంపై బృహద్గ్రంథాన్ని వెలువరించాడు. అందులో మెదడు పైపొరను 107 ప్రాంతాలుగా విభజించారు. అతడు వర్ణించిన ఒక రకం నాడీకణాలకు నేడు అతడి పేరే వాడుకలో ఉంది. 1931లో వియన్నాలో మెదడు పరిశోధనకు ప్రత్యేక విభాగం ఏర్పడి, దాని బాధ్యత అతడికి దక్కింది. కొద్దినెలలకే, 55 ఏళ్ళ వయసులో, గుండెజబ్బుతో మరణించాడు.

తరువాతి కాలంలో

ఎకోనోమో ఊహ దశాబ్దాల తరువాత రుజువైంది. 1996లో అమెరికాలో సేపర్ బృందం హైపోథాలమస్ ముందుభాగంలో నిద్ర సమయంలో చురుకుగా ఉండే కణాలను గుర్తించింది. 1998లో రెండు బృందాలు విడివిడిగా, మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని హైపోథాలమస్‌లో కనుగొన్నాయి. దానిని అడ్డుకొనే నిద్రమందుకు 2014లో అమెరికాలో అనుమతి లభించింది.

నేటి నిద్రలేమి రోగులలో అత్యధికులకు ఎకోనోమో రోగుల వలె మెదడు దెబ్బతిని ఉండదు. నిద్రపట్టదేమోనన్న ఆందోళన, వేళలు తప్పిన అలవాట్లు, మానసిక కుంగుబాటు, నొప్పి, శ్వాస ఇబ్బంది వంటివి మెలకువ వ్యవస్థను అణగనీయవు. అంతమాత్రాన అది రోగి చేసిన తప్పు కాదు. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలల పాటు నిద్ర కరువైతే దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా పరిగణిస్తారు. దీనికి మందులకంటే ముందు ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే ప్రవర్తనా చికిత్సను ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం సూచించింది. ప్రతిరోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర వచ్చినప్పుడే పక్కమీదకు చేరడం, నిద్ర రాకపోతే లేచి కాసేపు వేరేచోట కూర్చోవడం ఇందులోని ముఖ్యాంశాలు. వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్రలు వాడటం ప్రమాదకరము.

ఇటువంటి సహాయం కొరకు దూరదేశాలకు పోనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు జిల్లా కేంద్రాలలోని ప్రభుత్వ ఆసుపత్రులలోను, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను వైద్యులను సంప్రదించవచ్చును. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.