లేబుల్ కోసం కొట్లాడిన డాక్టర్

డ్యూటీ దిగాక బకాలాలో సాస్ సీసా కొంటాం. లేబుల్ చదివేది ఎందరం? దాని మీద అబద్ధం రాయకూడదని కొట్లాడినాయన డాక్టర్ హార్వే వైలీ. 1844లో అమెరికాలోని ఇండియానాలో రైతు ఇంట పుట్టారు. 1883లో ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయన శాస్త్రవేత్త అయ్యారు.

అప్పట్లో పాలు విరగకుండా ఫార్మాలిన్, మాంసం చెడకుండా బోరాక్స్ కలిపేవారు. 1902లో ఇష్టపడి ముందుకొచ్చిన 12 మంది కుర్రాళ్లకు ఆ మందులే తిండితోపాటు పెట్టి చూశారు. వాళ్లకు తలనొప్పి, కడుపునొప్పి పట్టుకున్నాయి.

చాలా కంపెనీలు అడ్డం తిరిగాయి. కెచప్ తయారుచేసే హైంజ్ మాత్రం చట్టం రావాలని ప్రభుత్వం వైపు నిలిచారు. కల్తీ చేయనివాడికి చట్టమంటే భయమెందుకు? 1906 జూన్ 30న చట్టం వచ్చింది. పైవాళ్లతో పొసగక 1912లో వైలీ ఉద్యోగం వదిలేశారు. 1930లో అదే జూన్ 30న కన్నుమూశారు.

అన్నలూ, చౌకని కొనేముందు లేబుల్ ఓసారి చూడండి.