బరోడా నుంచి ఢిల్లీ దాకా: అంబేడ్కర్ వదిలిన రెండు ఉద్యోగాలు

1951 అక్టోబర్ 11. మంత్రి పదవి నుంచి తానెందుకు తప్పుకున్నదీ చెప్పడానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పార్లమెంటుకు వచ్చారు. ఆ రోజు అధ్యక్ష స్థానంలో ఉన్నది మన చిత్తూరు జిల్లాకు చెందిన డిప్యూటీ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రకటన ప్రతిని ముందుగా తనకు చూపించాలని ఆయన పట్టుబట్టారు. సాయంత్రం 6 గంటలకు మాట్లాడాలని సమయం పెట్టారు. అంబేడ్కర్ దీన్ని ముందస్తు సెన్సార్‌గానే చూశారు. ప్రతి ఇవ్వలేదు, సాయంత్రం దాకా ఆగనూ లేదు. సభ నుంచి బయటికి నడిచి, ఆ ప్రకటనను పత్రికల వాళ్ల చేతిలో పెట్టారు.

బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు కోసం రాజీనామా చేశారని మనం సభల్లో చెప్పుకుంటాం. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. పూర్తి నిజం తెలియాలంటే ఆయన అంతకు 34 ఏళ్ల ముందు వదిలిన మరో ఉద్యోగం దగ్గర మొదలుపెట్టాలి.

బరోడాలో పదకొండు రోజులు

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. దానికి బదులుగా బరోడా సంస్థానంలో పదేళ్లు కొలువు చేయాలని ఒప్పందం. గడువు తీరడంతో లండన్ చదువు మధ్యలో ఆపి, 1917లో బరోడా వచ్చి అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో చేరారు.

మహారాజు ఆదరించినా ఆఫీసు ఆదరించలేదు. ప్యూన్లు ఫైళ్లు చేతికి ఇవ్వకుండా దూరం నుంచి విసిరేవారు. ఊళ్లో ఉండడానికి గది దొరకలేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నారు. పదకొండో రోజు డజను మంది దాకా పార్సీలు కర్రలతో వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమని హెచ్చరించారు. ఇద్దరు మిత్రులను అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో కారణం చెప్పి తప్పించుకున్నారు. విదేశీ డిగ్రీలున్న ఆ యువకుడు కొన్ని గంటలు పార్కులో కూర్చొని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు.

కాగితం మీద చూస్తే ఒప్పందం ఉల్లంఘించి ఉద్యోగం వదిలింది అంబేడ్కరే. తరిమిన వాళ్ల సంగతి ఏ సర్వీసు రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆ రోజు అసలేం జరిగిందో చాలా ఏళ్ల తర్వాత ఆయనే రాస్తే తప్ప లోకానికి తెలియలేదు. అదీ ఆయన మరణం తర్వాతే పుస్తకంగా వచ్చింది.

కేబినెట్‌లో నాలుగేళ్లు

1947లో నెహ్రూ మంత్రివర్గంలో చేరినప్పుడు పరిస్థితి వేరు. ఇక్కడ కర్రలు లేవు. ఉన్నది మర్యాదగా పక్కన పెట్టడం. ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న మనిషికి న్యాయశాఖ ఒక్కటే ఇచ్చారు. ప్రణాళికా శాఖ ఏర్పడితే ఇస్తామన్నారు. ఏర్పడ్డాక ఇవ్వలేదు. విదేశాంగ, రక్షణ కమిటీల్లో ఆయనకు చోటు లేదు. ఆర్థిక వ్యవహారాల కమిటీలోకి ప్రధాని విదేశంలో ఉన్నప్పుడు తీసుకున్నారు, తిరిగొచ్చాక తప్పించారు.

1951 ఆగస్టులో, ఆరోగ్యం దెబ్బతింటుండగా, హిందూ కోడ్ బిల్లును త్వరగా తేల్చమని అంబేడ్కర్ ప్రధానికి లేఖ రాశారు. స్త్రీలకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఇచ్చే బిల్లు అది. లోపలా బయటా వ్యతిరేకత ఉంది కాబట్టి నెమ్మదిగా వెళదామన్నారు నెహ్రూ. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కూడా బిల్లుకు వ్యతిరేకి. సెప్టెంబర్‌లో వివాహం, విడాకుల భాగం వరకైనా గట్టెక్కిద్దామని మొదలుపెట్టి, నాలుగు క్లాజులు దాటాక అదీ వదిలేశారు. సెప్టెంబర్ 27న అంబేడ్కర్ రాజీనామా లేఖ ఇచ్చారు. చేతిలో ఉన్న బిల్లుల పని ముగిసేదాకా ఉండడానికి ఒప్పుకొని, ఆ మాట నిలబెట్టుకున్నారు.

నెహ్రూ బిల్లుకు శత్రువు కాదు. ఎన్నికల తర్వాత 1955, 56లలో దాన్ని నాలుగు చట్టాలుగా చేయించింది ఆయన ప్రభుత్వమే. కానీ చీఫ్ విప్ సహకరించకపోయినా, సొంత పార్టీ సభ్యులు అడ్డుపడినా ఆయన తన న్యాయమంత్రి వెనుక గట్టిగా నిలబడలేదు. అంబేడ్కర్ ఫిర్యాదు అదే.

కారణాలు ఎవరు చెప్పాలి?

పెద్ద మనుషులు కొలువు వదిలితే కారణం రాయడానికి పైవాళ్లు సిద్ధంగా ఉంటారు. అనారోగ్యం అనేది అందరికీ అనుకూలమైన కారణం. ఆయనకు మధుమేహం ఉంది, నరాల నొప్పులున్నాయి. అందుకే జబ్బు వల్ల బాధ్యత వదిలే మనిషిని కానని ఆ ప్రకటనలోనే తేల్చేశారు. ఇన్నాళ్లూ ఎందుకు ఉన్నారనే ప్రశ్న వస్తుందని కూడా ఆయనకు తెలుసు. 1950 జనవరి 26 దాకా రాజ్యాంగం పని, ఆ తర్వాత ప్రజాప్రాతినిధ్య బిల్లు, నియోజకవర్గాల ఉత్తర్వులు, ఆపైన హిందూ కోడ్ మీద ఆశ. ఇదీ ఆయన జవాబు.

ఆ తర్వాత కారణాలు లెక్కపెట్టారు. ప్రణాళికా శాఖ, కమిటీల విషయంలో జరిగింది. షెడ్యూల్డ్ కులాల మీద ప్రభుత్వ నిర్లక్ష్యం, రాజ్యాంగం చెప్పిన వెనుకబడిన తరగతుల కమిషన్‌ను వేయకపోవడం. కాశ్మీర్, విదేశాంగ విధానం. అన్నిటికన్నా చివర హిందూ కోడ్. మనం ఆ చివరిది ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం. షెడ్యూల్డ్ కులాల గురించి ఆయన చెప్పింది మరుగున పడింది. రాజీనామా నుంచి కులాన్ని తీసేస్తే అది అందరికీ ఇష్టమైన కథ అవుతుంది.

దీనికి ఆయన మూల్యం చెల్లించారు. తర్వాతి లోక్‌సభ ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయారు. 1952లో రాజ్యసభకు వెళ్లారు. 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు. హిందూ కోడ్ చట్టాల్లో చివరిదైన దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది ఆ తర్వాత 15 రోజులకు.

బరోడా నుంచి ఆయన మౌనంగా రైలెక్కారు. ఢిల్లీలో మాత్రం అచ్చయిన ప్రకటన వదిలి బయటికి నడిచారు. యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో వేధింపు భరించలేక బయటపడే మన పిల్లలు నేటికీ రాజీనామా లేఖలో వ్యక్తిగత కారణాలు అనే రాస్తున్నారు. ఒక్కోసారి పై అధికారే అలా రాయిస్తాడు. తేదీలతో, లేఖల నకళ్లతో అసలు కారణం రాసి పెట్టుకోవడం కూడా అంబేడ్కర్ మనకు వదిలి వెళ్లిన పనే.