వాల్టర్ టల్: చిన్న లీగ్ చోటిచ్చిన పెద్ద ఆటగాడు

వాల్టర్ టల్ 1888లో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తల్లి కెంట్ ప్రాంతపు శ్వేతజాతి మహిళ. తొమ్మిదేళ్లకే ఇద్దరినీ పోగొట్టుకున్న టల్, లండన్‌లోని ఒక అనాథాశ్రమంలో పెరిగారు.

1909లో టాటెన్‌హామ్ క్లబ్ ఆయన్ను తీసుకుంది. ఆట మొదలుపెట్టిన కొద్ది వారాలకే బ్రిస్టల్‌లో జరిగిన మ్యాచ్‌లో ప్రేక్షకులు కొందరు ఆయన రంగును పట్టుకుని దారుణంగా దూషించారు. తప్పు వాళ్లది. కానీ కొంతకాలానికే ప్రధాన జట్టులో చోటు పోయింది మాత్రం టల్‌కే.

1911లో నార్తాంప్టన్ టౌన్‌కు మారారు. ఆ క్లబ్ ఫుట్‌బాల్ లీగ్‌లో లేదు, సదరన్ లీగ్‌లో ఆడేది. మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్. అక్కడ టల్ హాఫ్‌బ్యాక్‌గా స్థిరపడ్డారు. ప్రత్యర్థి దాడిని అడ్డుకోవడం, దక్కిన బంతిని ముందున్నవారికి అందించడం ఆయన పని. పేరు తక్కువ, శ్రమ ఎక్కువ. టాటెన్‌హామ్‌కు పది లీగ్ మ్యాచ్‌లే ఆడిన ఆయన, ఇక్కడ వందకు పైగా ఆడారు.

1914లో యుద్ధం రాగానే ఫుట్‌బాలర్ల బెటాలియన్‌లో చేరారు. నల్లజాతివారికి అధికారి హోదా ఇవ్వకూడదన్నది నాటి సైనిక నియమాల ధోరణి. అయినా 1917లో టల్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు, శ్వేతజాతి సైనికులకు నాయకత్వం వహించారు.

1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో కాల్పులకు బలయ్యారు. వయసు 29. మృతదేహం దొరకలేదు. సమాధి లేని ఆయనకు నార్తాంప్టన్ క్లబ్ 1999లో తన మైదానం పక్కనే స్మారకం కట్టింది. ఆడే చోటిచ్చిన ఊరే గుర్తుపెట్టుకుంది.