బొబ్బిలి ఎన్నిక

వరాహగిరి వేంకటగిరి 1894లో బరంపురమున జన్మించెను. ఐర్లండున న్యాయశాస్త్రము నభ్యసించి 1916లో స్వదేశమునకు మరలెను. రైల్వే కార్మికుల సంఘములను నిర్మించుట యందే యాతని మనస్సు లగ్నమయ్యెను.

1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగెను. బొబ్బిలిలో కాంగ్రెసు పక్షమున గిరి నిలిచెను. ప్రత్యర్థి సామాన్యుడా? జస్టిస్ పార్టీ నాయకుడు, రాష్ట్ర ప్రధానమంత్రి, ఆ సంస్థానమునకే ప్రభువైన రామకృష్ణ రంగారావు! ఆస్తియో పన్నో చదువో కలవారికే ఓటుండిన దినములవి. గోదావరీ తీరమునగల చెన్నూరు మొదలగు నైజాము సీమలందు సామాన్యులకు శాసనసభ నెన్నుకొను హక్కే లేదు. తమ ప్రభువు నెదిరించి ఓటు వేయుట బొబ్బిలి రైతునకు చిన్న సాహసము కాదు. అయినను గిరియే గెలిచెను.

రాజాజీ మంత్రివర్గమున నాతడు కార్మికశాఖను వహించెను. 1939లో యుద్ధము రాగా ఆ మంత్రివర్గము రాజీనామా చేసెను. 1969లో స్వతంత్రుడుగా పోటీచేసి రాష్ట్రపతియై, 1980లో మద్రాసున కాలధర్మము నొందెను.