స్విమ్‌సూట్ వేసుకోనన్న మిస్ అలబామా

మిస్ యూనివర్స్ అనగానే మనకి 1994లో గెలిచిన సుస్మితా సేన్ గుర్తొస్తుంది. అసలు ఆ పోటీ ఎలా పుట్టిందో తెలుసా? వేరే కిరీటం గెలిచిన ఒక అమ్మాయి స్పాన్సర్ మాట విననని మొండికేయడం వల్ల! ఆ అమ్మాయే యోలాండ్ బెట్‌బీజ్.

1928లో అమెరికా దక్షిణ భాగంలో, అలబామా రాష్ట్రంలోని మొబీల్ అనే రేవు పట్టణంలో పుట్టింది. చదువు క్రైస్తవ సన్యాసినులు నడిపే కాన్వెంటులో. ప్రాణమంతా ఒపెరా సంగీతం మీదే. 1950లో మిస్ అలబామా అయింది. ఆ సెప్టెంబరులోనే అట్లాంటిక్ సిటీలో రిగొలెట్టో ఒపెరాలోని పాట పాడి మిస్ అమెరికా కూడా గెలిచేసింది. కిరీటానికి వచ్చే ఏడాది పేరు పెట్టే పద్ధతి అప్పుడే మొదలైంది కాబట్టి ఆమె మిస్ అమెరికా 1951. అందుకే జాబితాలో 1950 అనే ఏడాదే కనిపించదు!

అసలు గొడవ గెలిచాక మొదలైంది. గెలిచినవాళ్లు స్పాన్సర్ కెటాలినా కంపెనీ స్విమ్‌సూట్లు వేసుకుని ఊరూరా ఫొటోలకి నిలబడాలి. పోటీలో అందరిలాగే ఆమె కూడా స్విమ్‌సూట్ వేసుకుంది. కానీ ఇక మీదట వేసుకోనని, తను గాయనినే తప్ప బట్టల ప్రకటన బొమ్మని కానని తేల్చి చెప్పేసింది. కంపెనీకి కోపం వచ్చింది. స్పాన్సర్‌షిప్ మానేసి, 1952లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో మిస్ యు.ఎస్.ఎ., మిస్ యూనివర్స్ పోటీలు సొంతంగా మొదలుపెట్టింది. ఆ తొలి మిస్ యూనివర్స్‌కి మన దేశం నుంచి వెళ్లింది ఎవరో కాదు, తర్వాత కూచిపూడిని విదేశీ వేదికలెక్కించిన నర్తకి ఇంద్రాణి రెహమాన్.

యోలాండ్ మాత్రం న్యూయార్క్ వెళ్లి తత్వశాస్త్రం చదివింది. సినీ వ్యాపారి మాథ్యూ ఫాక్స్‌ని పెళ్లాడింది. 1960లో దక్షిణాది వూల్‌వర్త్ దుకాణాల్లో నల్లజాతివారిని కూర్చోబెట్టి భోజనం పెట్టనందుకు విద్యార్థులు ఆందోళనకి దిగితే, న్యూయార్క్‌లో అదే కంపెనీ దుకాణం ముందు నిరసనకారులతో కలిసి నిలబడింది. అణ్వాయుధాలకి వ్యతిరేకంగానూ పనిచేసింది.

తనకి కిరీటం పెట్టిన సంస్థనీ వదల్లేదు. ఒకప్పుడు మిస్ అమెరికాలో తెల్లజాతివారే పోటీ చేయాలని రాతపూర్వకంగా నియమమే ఉండేది. అది పోయాక కూడా 1970 దాకా ఒక్క నల్లజాతి అమ్మాయి పోటీదారుగా రాలేదు. యోలాండ్ ఈ విషయాన్ని బహిరంగంగానే ఎండగట్టింది. వర్ణవివక్ష చట్టంగా అమలైన రాష్ట్రం నుంచి వచ్చిన అందాల రాణి ఇలా మాట్లాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆమె 2016 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో కన్నుమూసింది. ఆ తర్వాత రెండేళ్లకి, 2018లో, మిస్ అమెరికా పోటీలో స్విమ్‌సూట్ రౌండ్‌నే ఎత్తేశారు. ఆమె కాదన్నది 1950లో. వాళ్లు ఆ దారికి రావడానికి 68 ఏళ్లు పట్టింది.