ప్లేట్‌లెట్లు నార్మల్.. అయినా ఆగని రక్తం! డాక్టర్లనే ఆలోచనలో పడేసిన పాప కేసు.. ఎవరీ వాన్ విల్లెబ్రాండ్?

నెలసరిలో విపరీతంగా బ్లీడింగ్ అవుతోందంటే స్కానింగ్ చేయిస్తారు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు కనిపిస్తే కారణం దొరికిందనుకుంటారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు సరిపడా ఉంటే రక్తంలో లోపమేమీ లేదని వదిలేస్తారు. కానీ ప్లేట్‌లెట్ల లెక్క బాగున్నా రక్తం ఆగకపోవచ్చని వందేళ్ల కిందటే చూపించారు ఓ ఫిన్లాండ్ డాక్టర్. ఆయనే ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్.

1870లో వాసా పట్టణంలో పుట్టారు. హెల్సింకీలో వైద్యం చదివారు. మొదటి నుంచీ రక్తం మీదే ఆసక్తి. డాక్టరేట్ కూడా అందులోనే.

1924లో ఆలాండ్ దీవుల నుంచి ఐదేళ్ల పాప ఆయన దగ్గరికి వచ్చింది. అంతకుముందు పెదవికి చిన్న గాయమైతేనే ప్రాణం మీదకొచ్చిందట. అక్కచెల్లెళ్లలో కొందరు రక్తం ఆగక పసితనంలోనే పోయారు. పరీక్షిస్తే ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలే. రక్తం గడ్డకట్టే సమయమూ మామూలే. కానీ సూదితో గుచ్చిన చోట రక్తం ఎంతకీ ఆగట్లేదు!

హీమోఫిలియా అందామంటే అది ఎక్కువగా మగవాళ్లకొచ్చేది. దీంతో ఆయన కుటుంబం మొత్తం ఆరా తీశారు. 66 మందిలో 23 మందికి ఇదే సమస్య. వాళ్లలో 16 మంది ఆడవాళ్లే! నెలసరి, కాన్పు.. ఆడవాళ్లకు గండం అక్కడే. 1926లో స్వీడిష్ భాషలో ఈ వివరాలు ప్రచురించి, కొత్త రోగమని తేల్చారు.

ఆ పాప మాత్రం దక్కలేదు. 13 ఏళ్లకే, నాలుగో నెలసరిలో రక్తస్రావంతో చనిపోయింది.

లోపం ప్లేట్‌లెట్ల పనితీరులో, రక్తనాళాల గోడల్లో ఉందని ఆయన అనుకున్నారు. పూర్తిగా నిజం కాదు గానీ, మరీ దూరమూ కాదు. తెగిన చోట ప్లేట్‌లెట్లను నాళం గోడకు అతికించే ప్రొటీన్ ఒకటి ప్లాస్మాలో ఉంటుంది. అసలు లోపం దాంట్లోనే. 1950ల చివర్లో స్వీడన్ పరిశోధకులు లోపం ప్లాస్మాలోనే ఉందని తేల్చారు. అప్పటికే ఆయన లేరు, 1949లో కన్నుమూశారు. ఆ ప్రొటీన్‌కూ, జబ్బుకూ ఆయన పేరే పెట్టారు.

ఈ జబ్బులో ఇప్పటికీ చిక్కు అదే. ప్లేట్‌లెట్ కౌంట్, పీటీ, ఏపీటీటీ మూడూ నార్మల్‌గా రావచ్చు. ఫైబ్రాయిడ్ ఉన్నవాళ్లలోనూ ఇది ఉండొచ్చు, గడ్డ ఉందని రక్తాన్ని మరిచిపోకూడదు. పెద్దమనిషి అయినప్పటి నుంచే బ్లీడింగ్ ఎక్కువా, పన్ను పీకిస్తే రక్తం ఆగలేదా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా అని డాక్టర్లు అడుగుతారు. అవునంటే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ పరీక్ష విడిగా రాస్తారు. గర్భసంచి ఆపరేషన్‌కు ముందే ఇది తెలిస్తే, రక్తం ఆగేందుకు మందులు సిద్ధంగా పెట్టుకోవచ్చు.