లుడ్విగ్ ప్రాంటిల్ పండితుడు

మట్టిబాటను పరుగెత్తి వచ్చిన మోటారు బస్సును చుట్టి చూచినచో నొక విచిత్రము గోచరించును. గాలికెదురుగా నడచిన ముందుభాగముకంటె వెనుకటి తలుపును, అద్దమును ఎక్కువ మాసియుండును. ఎదురు నిలిచినదే ఎక్కువ మాయవలెను గదా యని మనకు తోచును. ఈ చిక్కును విప్పు సూత్రమును లోకమునకు తెలిపిన విద్వాంసుని చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుప గోరుచున్నాము.

లుడ్విగ్ ప్రాంటిల్ 1875వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీని జర్మనీ దేశమున, బవేరియా సీమయందలి ఫ్రైజింగు పట్టణమున జన్మించెను. తండ్రి యగు అలెగ్జాండరు సమీపమునగల వ్యవసాయ కళాశాలలో యంత్రశాస్త్రోపాధ్యాయుడు. తల్లి తరచు రోగపీడితురాలగుటచే బాలుడు తండ్రి చెంతనే ఎక్కువగా మెలగెను. ప్రకృతిని కన్నులార చూచి కారణము నరయు నలవాటు తండ్రివలననే యాతని కబ్బెను. మ్యూనిక్కు నగరమున ఆగస్టు ఫోప్పల్ అను పండితునియొద్ద చదివి, 1900లో డాక్టరు పట్టమును బడసెను. 1909లో ఆ గురువుగారి కుమార్తె గెర్ట్రూడునే వివాహమాడెను. వారికి ఇరువురు కుమార్తెలు కలిగిరి.

చదువు ముగిసిన పిదప ప్రాంటిల్ న్యూరెంబర్గు నగరములోని యొక యంత్రకర్మాగారమున కొలువునకు కుదిరెను. అచ్చట పనిముట్లక్రింద రాలెడు తునకలను గాలితో పీల్చివేయు సాధనమును బాగుచేయు పని ఆయనకు అప్పగింపబడెను. క్రమముగా వెడల్పగు గొట్టములో గాలి గోడలనంటి వ్యాపింపక, వానిని విడిచి పోవుచుండెను. ప్రాంటిల్ సాధనమును చక్కజేసి, తక్కువ శక్తితో నడచునట్లు చేసెను. కాని గాలి గోడను ఏల విడిచెనను ప్రశ్న మాత్రము ఆయనను విడువలేదు. 1901లో హానోవరు నగరమున ఆచార్యపదవి లభించిన పిమ్మటను ఆయన దానినే చింతించుచుండెను.

ఆ కాలమున గణితజ్ఞులు గాలికిని నీటికిని రాపిడి లేనట్లు భావించి లెక్కలు కట్టుచుండిరి. ఆ లెక్క ప్రకారము సమవేగముతో పోవు వస్తువునకు గాలి యడ్డగింపే యుండరాదు. ఇంజనీర్ల యనుభవము దీనికి పూర్తిగా విరుద్ధము. రాపిడి మిక్కిలి స్వల్పమైయుండగా ఇంత భేద మెట్లు కలిగెను?

1904 ఆగస్టు మాసమున హైడల్‌బర్గులో జరిగిన మూడవ అంతర్జాతీయ గణితశాస్త్ర సభయందు ప్రాంటిల్ పది నిమిషములలో దీనికి సమాధానము చెప్పెను. వస్తువు నంటియున్న గాలి దానికి అతుకుకొని నిలిచిపోవును. దానిపైన మిక్కిలి పలుచని పొరలో వేగము సున్న మొదలుకొని పూర్తి వేగమువరకు పెరుగును. రాపిడి బలమంతయు ఈ పొరలోనే. ముందునకు పోనుపోను ఒత్తిడి పెరిగినచో, మందముగా నడచు పొర ఆగి వెనుకకు మరలును. అంతట ప్రవాహము వస్తువును విడిచిపోవును. చేతితో త్రిప్పు చక్రముగల నీటితొట్టిలో ఖనిజపు రేకుల పొడి చల్లి, ఈ నడకను ఆయన ఛాయాచిత్రములు తీసెను. ఎనిమిది పుటల యా వ్యాసపు విలువ నెరిగిన ఫెలిక్స్ క్లైన్ పండితుడు ఆయనను ఆ యేడే గోటింగెన్ విశ్వవిద్యాలయమునకు రప్పించెను.

ఇప్పుడు మన బస్సు సంగతి చూతము. పైకప్పు వెంబడి వచ్చిన గాలి, వెనుక నిలువునా తెగిన అంచును చుట్టి మరలలేక విడిపోవును. అందుచే బండి వెనుక ఒత్తిడి తగ్గి, సుడులు తిరుగు గాలి దానిని వెన్నంటి పోవును. చక్రములు రేపిన సన్నని దుమ్మును, బురద తుంపరలను ఆ సుడులు లోనికి లాగుకొని వెనుక అద్దమునకు తెచ్చి చేర్చును. నిలువు వీపుగల కార్లకు వెనుక అద్దమునకును వైపరు నమర్చుట ఇందువలననే. కొన్ని బండ్లకు పైకప్పు చివర రేకు నుంచి, శుభ్రమైన గాలిని అద్దము మీదుగా క్రిందికి మరల్చుదురు.

1914లో ప్రాంటిల్ ఒక గోళమునకు సన్నని తీగను చుట్టి గాలిలో పరీక్షించెను. నునుపు చెడినందున అడ్డగింపు పెరుగునని ఎవరైన తలతురు. కాని అది తగ్గెను. తీగచే పొర కల్లోలితమై, గోళమును మరికొంత దూర మంటియుండుటచే, వెనుకటి సుడుల తావు సన్నగిలెను.

1925లో ప్రవాహశాస్త్ర పరిశోధన సంస్థకు ఆయన అధిపతి యయ్యెను. థియోడర్ కార్మాన్ మొదలగు శిష్యులు కీర్తి గాంచిరి. 1933 తరువాత నాజీ ప్రభుత్వపు వైమానికశాఖ ద్రవ్యముతో ఆ పరిశోధనలు విస్తరించెను. 1938లో నిందలపాలైన హైసెన్‌బర్గు పక్షమున ఆయన హిమ్లరునకు వ్రాసెను గాని, ఆ ప్రభుత్వ సేవనుండి తొలగలేదు. దీనిని దాచి ప్రశంసలే వ్రాసిన యెడల అది చరిత్రము కాజాలదని మా తలంపు. 1953 ఆగస్టు 15వ తేదీని గోటింగెన్‌లో ఆయన కాలధర్మము నొందెను.

విద్యార్థులు ఈ విషయమును కన్నులార చూడగోరినచో పెద్ద యంత్రములు వలదు. మెల్లగా పారు పిల్లకాలువలో పలకను అడ్డముగా నిలిపి, పైన కొంచెము ఊక చల్లవలెను. ఊక పలక ప్రక్కలను దాటిపోయి, వెనుక సుడి తిరిగి, కొంత మరల పలకవైపునకే వచ్చును. బస్సు వెనుక దుమ్ము నడచు దారియు అదియే.